చికిత్స పేరిట వంచన

2024వ సంవత్సరము నవంబరు మాసమున గుజరాతులోని మెహసాణా జిల్లా బోరీసణా గ్రామమునందు అహమ్మదాబాదు ప్రైవేటు ఆసుపత్రి యొకటి ఉచిత వైద్యశిబిరము నడపెను. శిబిరమునకు వచ్చినవారిలో 19 మందిని నగరమునకు గొనిపోయి గుండె నాళములను పరీక్షించిరి; ఏడుగురికి ఆంజియోప్లాస్టీ గావించిరి; వారిలో ఇరువురు మరణించిరి. ఆ చికిత్స యనవసరమనియు, ఆయుష్మాన్ భారత్ సొమ్మునకై జరిగినదనియు ప్రభుత్వ వైద్యాధికారి ఫిర్యాదు చేయగా పోలీసులు కేసు నమోదు చేసిరి. ఆరోగ్య భీమా వంచన యనగా కేవలము లెక్కల తారుమారని తలచువారు ఈ యుదంతమును గమనింతురుగాక. దొంగ బిల్లు ఖజానాను కొల్లగొట్టుటతో నాగదు. ఒక్కొక్కప్పుడు రోగి ప్రాణమునుగూడ గొనును.

ఈ మోసమున కాస్కారమెక్కడ? సర్కారు భీమా పథకములందు ఒక్కొక్క చికిత్సకు నిర్ణీతమైన మొత్తము ఆసుపత్రికి చెల్లును. రోగి తన చేతి డబ్బు పెట్టడు గనుక లెక్క యడుగడు. సొమ్ము చెల్లించు సంస్థ రోగిని చూడదు, కాగితములనే చూచును. ఈ యిరువురి నడుమ వంచకుడు నిలుచును. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుంచబడిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలో, ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారులు 7,49,820 మంది ఒకే ఫోను నంబరుతో ముడిపడియున్నట్లు తేలినది. మరణించినట్లు అంతకుముందే నమోదైన 3,446 మంది రోగుల చికిత్సకై 6.97 కోట్ల రూపాయలు చెల్లింపబడెను. ఇందు ప్రతిదియు వంచనయే యని మేమనము. కాని యిట్టి లెక్కలు వంచకునికి తెరచిన తలుపులని మాత్రము చెప్పక తప్పదు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైనది లగాయతు తెలుగుదేశమున బీదసాదలకు పెద్ద చికిత్సలు అందుబాటులోనికి వచ్చినవి. అట్టి పథకములను నిలుపుకొనుట మన బాధ్యత. పొలము దస్తావేజుపై చేవ్రాలు చేయుటకు ముందు నాలుగు హద్దులను చదివించుకొను రైతు, ఆసుపత్రిలో తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయుట యేమి న్యాయము? వ్యాధి పేరేమి, శస్త్రచికిత్స యేల, చేయకున్న నేమగునని తెలుగున చెప్పించుకొనవలెను. కార్డును పరుల చేత విడువరాదు. రోగము లేనివానిని రాత్రి పడుకొనిపొమ్మనుట, కమీషను మనుషులు ఇంటింట కార్డుల నడుగుట, ఉచితమని చెప్పి చాటున రొక్క మడుగుట వంచన లక్షణములు. ప్రాణాపాయము తక్షణము లేనప్పుడు సర్కారు దవాఖానలో మరియొక వైద్యుని యభిప్రాయము గొనుట మేలు. ఇంటికి వచ్చునప్పుడు డిశ్చార్జి కాగితమును దీసికొని, చేసిన చికిత్సతో సరిచూచుకొనవలెను. తేడా కనబడిన ఆయుష్మాన్ భారత్ వారి 14555 నంబరునకు తెలుపవచ్చును.

పట్టణములందు సొంత డబ్బుతో పాలసీ గొనువారు మరియొక సంగతి యెరుగవలెను. మధుమేహము దాచి ఆరోగ్యవంతుడనని వ్రాయించుటయు వంచనయే. దరఖాస్తు ఏజెంటు నింపినను చేవ్రాలు మనదే. 2024 నాటి నిబంధనల ప్రకారము పాలసీ చేతికందిన 30 దినములలో చదివి, నచ్చకున్న తిరిగి యీయవచ్చును. 60 నెలలు ఎడతెగక సాగిన పాలసీపై కంపెనీ యాక్షేపణ చెల్లదు. కాని వంచన రుజువైనచో ఆ రక్షణ లేదు.

బంధువునకు కార్డు నెరవిచ్చుట ఉపకారమని కొందరు తలంతురు. అది ఇతరుని వ్యాధిని తన పేర వ్రాయించుకొనుటయే. రేపు నిజముగా జబ్బు చేసినప్పుడు, ఏటికి కుటుంబమునకు గల 5 లక్షల పరిమితి అప్పటికే తరిగియుండును. తనిఖీ యధికారుల బాధ్యతను మేము తగ్గించి చెప్పుట లేదు. కాని ఆసుపత్రి మంచముపై ఏమి జరిగినదో ముందుగా నెరిగినవాడు రోగియే. వాడు నోరు విప్పనంతకాలము ఏ తనిఖీయు సంపూర్ణము గానేరదు.