క్వారీ పక్క ఊళ్ల ప్రణాళిక: ముందు పేర్లు

మేం కర్నూలు, కడప జిల్లాల్లో గుట్టల కింద బతికే జనం. క్వారీలో మందు పేలిస్తే మా ఇళ్లలో అటక మీది గిన్నెలు గల్లుమంటాయి. శెనక్కాయ చేలో వచ్చిపడిన రాళ్లు ఏరి, ఆ తర్వాతే కలుపు తీసుకుంటాం. వాన మొహం చాటేసిన ఏడు కూలి దొరికేది కూడా ఆ క్వారీలోనే. అందుకే దాన్ని మూసేయమని అడగడం లేదు. పొద్దున దిగిన మనిషి సాయంత్రం ఇల్లు చేరాలంటున్నాం.

2018 ఆగస్టు 3 రాత్రి ఆలూరు మండలం హత్తిబెళగల్ క్వారీ పేలితే చుట్టుపక్కల జనం భూకంపమనుకుని వీధిలో పడ్డారు. పదిమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఒడిశా నుంచి పొట్టకోసం వచ్చినవాళ్లు. 2021 మే 8 ఉదయం కలసపాడు మండలం మామిళ్లపల్లెలో జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పదిమంది పోయారు. శరీరాలు గుర్తుపట్టే వీలు లేకుండా చెల్లాచెదురయ్యాయి.

అందుకే మా మొదటి నియమం పేర్లు. ఆ రోజు పనిలోకి దిగినవాళ్ల హాజరుపట్టీ క్వారీ షెడ్డులో ఒక్కటే ఉంటే, షెడ్డుతోపాటే కాలిపోతుంది. రెండో ప్రతి ఊళ్లో ఉండాలి: మనిషి పేరు, సొంతూరు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు. ఒడియా పేరు మనకు రాయడం రాకపోతే వాళ్ల చేతే రాయిద్దాం. “ఎవరో ఒరిస్సావాళ్లంట” అనే మాట మా నోట ఇక రాదు.

మందు, డిటొనేటర్లు కలిపి ఒకే బండిలో తెస్తే ఆ బండిని ఊరి పొలిమేరలోనే ఆపుతాం. కూలీలు వండుకుని పడుకునే చోట మందు పెట్టెలు ఉండనివ్వం. బ్లాస్టర్ సర్టిఫికెట్ లేని చెయ్యి తూటా ముట్టుకోకూడదు. 2020 ఆగస్టు 4న బీరూట్ నగరాన్ని కూల్చి, 200 మందికి పైగా పొట్టన పెట్టుకున్నది ఏళ్ల తరబడి రేవు గోదాంలో పడి ఉన్న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్. క్వారీ మందులో ముఖ్యమైన సరుకూ అదే. ఆ వారంలోనే చెన్నై పక్కన మనలిలో 37 కంటైనర్ల నిండా అదే ఉందని గుర్తుకొచ్చి, హైదరాబాద్‌కు తరలించారు. మన గుట్టల మీద ఎంత ఉందో అడగడానికి మేం ఇంకో పేలుడు దాకా ఆగం.

పేలాక మొదటి గంట ఊరిదే. 108 వచ్చేలోపు మనమే ఉంటాం. పొగ కనబడగానే ఉరకొద్దు, పేలని మందు మిగిలి ఉండొచ్చు. కాలినచోట చల్లటి నీళ్లు పోస్తూనే ఉండాలి, పేస్టూ సిరా పూయొద్దు. ఒంటిమీద గాయం లేదు కదా అని ఎవర్నీ ఇంటికి పంపొద్దు: పేలుడు దెబ్బ ఊపిరితిత్తుల్లో ఉంటే పైకి కనబడదు, కాసేపటికి ఆయాసం మొదలవుతుంది. ఫోన్లో వీడియోలు తీయొద్దు. బిడ్డ పోయిన సంగతి ఏ తల్లికీ వాట్సాప్‌లో తెలియకూడదు.

కాంట్రాక్టరు మనిషి అనే సాకుతో అసలు యజమాని పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదని 1923 నాటి చట్టమే చెప్పింది. శవం లేచేలోపు రాజీ కుదిర్చే పంచాయితీలో మా ఊరి పెద్దలెవరూ కూర్చోరు.

నోటుబుక్కు కొన్నాం. రామాలయం అరుగు మీద పెడుతున్నాం. క్వారీకి పోయే ప్రతి ఒక్కరూ, ఏ భాషవాళ్లయినా సరే, పొద్దున పోతూ మీ పేరు రాసి పోండి. తిరిగొచ్చాక మీ చేత్తోనే కొట్టేయండి.