తీన్మార్ నా గ్రిడ్‌లో పట్టలేదు

తుర్కయంజాల్‌లో మా ఇంట్లో ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ మీద బోనాలకని తీన్మార్ రికార్డ్ చేశా (హెడ్‌ఫోన్స్ పెట్టుకునే లెండి, పక్కింటివాళ్ళు పడుకోవాలిగా). దెబ్బలు అటూ ఇటూ పడ్డాయని కోడింగ్ బుద్ధి ఊరుకోక వంద శాతం క్వాంటైజ్ కొట్టేశా. మా వీధిలో డప్పు కొట్టే పెద్దాయనకి వినిపిస్తే, "ఇది నడుస్తలేదు బిడ్డా" అన్నారు. ఉక్రోషం వచ్చింది కానీ, నిజమే.

బగ్ నాదే. తీన్మార్ పేరులోనే మూడుంది. నేనేమో బీట్‌ని నాలుగు ముక్కలు చేసే గ్రిడ్ ఎంచుకున్నా. 120 బీపీఎంలో 167, 333 మిల్లీసెకన్ల దగ్గర పడాల్సిన దెబ్బల్ని అది 125కీ, 375కీ ఈడ్చేసింది. 42 మిల్లీసెకన్ల తేడా మన సర్వర్లకి లెక్కలోది కాదు గానీ, ఎగిరే కాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

1980లో రోజర్ లిన్ తన ఎల్ఎం-1 డ్రమ్ మెషిన్‌లో టైమింగ్ దిద్దే సదుపాయంతో పాటే షఫుల్ కూడా పెట్టాడు. దిద్దితే సరిపోదని అప్పుడే తెలుసన్నమాట!

నన్నడిగితే ముందు ట్రిప్లెట్ గ్రిడ్, స్ట్రెంగ్త్ 50 శాతం. 20 మిల్లీసెకన్లు ఆలస్యమైన దెబ్బ 10కి వస్తుంది, చెయ్యి అలవాటు మిగులుతుంది. వెలాసిటీ జోలికి పోవద్దు. రోల్స్‌ని అసలు ముట్టుకోవద్దు.

ఆదివారం పెద్దాయనకి మళ్ళీ వినిపించాలి. ఏమంటారో!