జ్వరం దిగినా సెలవే

జపాన్‌లో ఫ్లూ వచ్చిన పిల్లలు ఎన్నాళ్లు బడికి రాకూడదో తేల్చేది అమ్మా కాదు, టీచరూ కాదు. పాఠశాలల ఆరోగ్య భద్రతా చట్టం కింద రాసిన నిబంధన. జ్వరం మొదలయ్యాక 5 రోజులు గడవాలి, తగ్గాక 2 రోజులు గడవాలి. బడిఈడు రాని చిన్నారులకైతే తగ్గాక 3 రోజులు. జ్వరం వచ్చిన రోజు లెక్కలోకి రాదు. సోమవారం వచ్చిన జ్వరం బుధవారానికే తగ్గిపోయినా శనివారం దాకా ఇల్లే.

ఈ 5 రోజుల షరతు 2012లో చేర్చారు. అంతకుముందు జ్వరం తగ్గాక 2 రోజులు చాలనేవారు. ఫ్లూకి మంచి మందులొచ్చాక జ్వరం త్వరగా దిగుతోంది గానీ వైరస్ ఒంట్లోంచి అంత త్వరగా పోవడం లేదు. మన ఇళ్లలో పరిస్థితి ఇంకా ప్రమాదకరం. పొద్దున్నే పారాసిటమాల్ సిరప్ పట్టి, నుదురు చల్లబడగానే యూనిఫాం తొడుగుతాం. ఆ సిరప్ జ్వరాన్ని దించుతుందే తప్ప వైరస్‌ను ఏమీ చేయదు.

జపాన్ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది హాజరు లెక్క. ఆ రోజులను గైర్హాజరుగా రాయరు. పిల్లలు రావాల్సిన మొత్తం రోజుల్లోంచే వాటిని తీసేస్తారు. ఒక తరగతిలో జబ్బు పాకుతోందనుకుంటే కొన్నాళ్లు ఆ తరగతినే మూసేస్తారు. నూరు శాతం హాజరుకు బహుమతిచ్చే బడులు మన దగ్గర ఇంకా ఉన్నాయి. దగ్గుతున్న పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టేది ఆ బహుమతే.

ఇంటిపట్టున ఉంచడం మనకు తెలియని సంగతేమీ కాదు. ఆటలమ్మ పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టి, తలంటి పోసేదాకా బిడ్డను గడప దాటనివ్వని ఇళ్లు మనవి. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేదాకా రావద్దనే జపాన్ బడులూ అంటాయి. ఫ్లూ దగ్గరికి వచ్చేసరికే మనం దాన్ని ఉత్త జలుబుగా తీసిపారేస్తాం.

తల్లిదండ్రులిద్దరూ పనికెళ్లే ఇంట్లో ఈ నియమం జపాన్‌లోనూ కష్టమే. అందుకే అక్కడ చాలా ఊళ్లలో జబ్బు పిల్లలను పగలంతా చూసుకునే కేంద్రాలు పెట్టారు, కొన్ని పిల్లల డాక్టర్ల క్లినిక్కుల్లోనే. మన దగ్గర కూలికెళ్తే తప్ప పొయ్యి వెలగని తల్లికి ఆ 5 రోజుల కూలి ఎవరిస్తారో ముందు ప్రభుత్వాలు చెప్పాలి. అది డబ్బుతో కూడిన పని, ఆలస్యమవుతుంది. హాజరు పట్టీలో జబ్బు రోజులకు వేరే గడి పెట్టడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికే ఆ పని చేయొచ్చు.