ఆరు స్పీకర్లున్నా మాట వినపడలేదు!

పోయిన దసరాకి బోనస్ పడగానే నేను చేసిన మొదటి పని, ఇంటికి 5.1 హోమ్ థియేటర్ కొనడం. 43 అంగుళాల టీవీ అప్పటికే ఉంది. బొమ్మ అదిరిపోతుంది కానీ సౌండ్ మాత్రం రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు ఉండేది. నాన్నకైతే అసలు వినపడేది కాదు. 30 ఏళ్లు బస్సు నడిపిన మనిషి. రిమోట్ ఆయన చేతికొస్తే వాల్యూమ్ 60 దాటాల్సిందే. అమ్మ వంటింట్లోంచి కేకలేస్తుంది, పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు ధడాల్న వేసుకుంటుంది.

షాపు కుర్రాడు వచ్చి గంటలో అంతా బిగించేసి వెళ్లాడు. సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి మంచి యుద్ధం సీనున్న సినిమా పెట్టా. కిటికీ అద్దాలు కూడా ఊగాయి. 'ఎలా ఉంది?' అన్నట్టు గర్వంగా నాన్న వైపు చూశా. ఆయన నా వైపు వంగి, "ఏమన్నాడ్రా?" అని అడిగారు.

ఆ వారమంతా అదే ప్రశ్న. మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి చూసి, "వెనకాల ఎవరో మాట్లాడుతున్నట్టుందిరా" అన్నారు. మేం పగలబడి నవ్వాం. పది రోజులు గడిచేసరికి ఆయన హాల్లోకి రావడం మానేశారు. భోజనం అవగానే బాల్కనీలో కుర్చీ వేసుకునేవారు. "మీరు చూడండి, నాకు నిద్రొస్తోంది" అనేవారు. నిద్ర రావట్లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

అప్పుడు సిగ్గేసింది. ఒక ఆదివారం కూర్చుని, వైర్లన్నీ మొదట్నుంచీ వెతుక్కుంటూ వచ్చా. దొరికింది!

ముందు వైరు చూడండి

షాపు కుర్రాడు టీవీకి, బాక్సుకి మధ్య ఎరుపు, తెలుపు పిన్నుల వైరు పెట్టి వెళ్లాడు. అది రెండు చానళ్ల వైరు. అందులో వెళ్లేది ఎడమ, కుడి మాత్రమే. అంటే నా దగ్గర ఆరు స్పీకర్లున్నా వాటికి చేరుతున్నది స్టీరియోనే. మా బాక్సేమో ఆ రెండింటినే అన్ని స్పీకర్లలోకీ కాపీ కొడుతోంది. ముందు నుంచీ అదే డైలాగ్, వెనక నుంచీ అదే డైలాగ్. నాన్న కుర్చీ పక్కనే వెనక స్పీకర్ ఉంది కాబట్టి హీరో ఆయన వీపు వెనక నిలబడి మాట్లాడాడు. పాపం, ఆయన చెప్పింది నిజమే!

కాబట్టి మీ ఇంట్లో కూడా టీవీ వెనక్కి ఒకసారి తొంగిచూడండి. హెచ్‌డీఎంఐ పోర్టులు రెండో మూడో ఉంటాయి. వాటిలో సాధారణంగా ఒక్కదాని పక్కనే 'ఏఆర్‌సీ' లేదా 'ఈ-ఏఆర్‌సీ' అని రాసి ఉంటుంది. టీవీలోని సౌండ్‌ని వెనక్కి, అంటే బాక్సుకి పంపేది ఆ పోర్టే. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నుంచీ ఈ సదుపాయం ఉంది. బాక్సు వైపు కూడా అదే పేరున్న పోర్టులోనే వైరు పెట్టాలి. బాక్సుకి హెచ్‌డీఎంఐ లేకపోతే ఆప్టికల్ వైరు వాడొచ్చు. మామూలు డాల్బీ డిజిటల్ 5.1 దాని గుండా కూడా వెళ్తుంది.

వైరు మారిస్తే పని అయిపోదు. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మూడు చూసుకోవాలి. ఒకటి, అవుట్‌పుట్ టీవీ స్పీకర్ల నుంచి హెచ్‌డీఎంఐకి మారిందా? రెండు, డిజిటల్ అవుట్‌పుట్ దగ్గర 'పీసీఎం' అని ఉంటే దాన్ని 'ఆటో', 'పాస్‌త్రూ' లేదా 'బిట్‌స్ట్రీమ్' చేయండి. మామూలు ఏఆర్‌సీలో పీసీఎం పెడితే మళ్లీ రెండు చానళ్లే. మూడు, సినిమా చూసే యాప్‌లో ఆడియో ట్రాక్ 'తెలుగు 5.1' ఉంటే దాన్నే ఎంచుకోండి. ఉత్త 'తెలుగు' అని ఉంటే అది స్టీరియో కావొచ్చు.

గడియారంలో కూర్చోండి

5.1 అంటే ఐదు స్పీకర్లు, ఒక వూఫర్. వాటిని ఎక్కడ పెట్టాలన్నదానికి ఒక తేలికైన లెక్కుంది. మీరు పెద్ద గడియారం మధ్యలో టీవీ వైపు తిరిగి కూర్చున్నారనుకోండి. 12 దగ్గర టీవీ. సెంటర్ స్పీకర్ అక్కడే. ముందు స్పీకర్లు 11 దగ్గర ఒకటి, 1 దగ్గర ఒకటి. వెనకవి అంటాం కానీ అవి నిజానికి పక్కనుంచి కాస్త వెనక్కి: ఒకటి 3కీ 4కీ మధ్య, ఇంకోటి 8కీ 9కీ మధ్య.

మన హాళ్లలో సోఫా గోడకి ఆనుకునే ఉంటుంది. వెనక చోటేది? ఫర్వాలేదు, సోఫాని ఒక అడుగు ముందుకి జరపండి. అదీ కుదరకపోతే ఆ స్పీకర్లని రెండు పక్క గోడలకి, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తు కంటే ఒకటి రెండడుగులు పైన బిగించండి. మా షాపు కుర్రాడిలాగా మనిషి తల పక్కనే మాత్రం పెట్టకండి.

ఇంకోటి. శబ్దం మీటరు దూరం రావడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక స్పీకర్ దగ్గరగా, ఇంకోటి దూరంగా ఉంటే ఒకే శబ్దం ముందూ వెనకా అవుతుంది. అందుకే చాలా బాక్సుల్లో 'డిస్టెన్స్' అని ఒక సెట్టింగ్ ఉంటుంది. టేపు పెట్టి ప్రతి స్పీకర్ నుంచి మీ కుర్చీకి ఎంత దూరమో కొలిచి అందులో కొట్టండి. మిగతాది బాక్సే సరిచేసుకుంటుంది.

అసలు హీరో మధ్యలో ఉంటాడు

సినిమాలో మాటలు ఎక్కువ భాగం వచ్చేది సెంటర్ స్పీకర్ నుంచే. వాన, గుర్రాలు, జనం అరుపులు మిగతా వాటిలో పంచుతారు. కానీ మన దృష్టంతా వూఫర్ మీద. సెంటర్ స్పీకర్నేమో టీవీ యూనిట్ అరలో లోపలికి తోసి, ముందు దేవుడి ఫొటోనో ప్లాస్టిక్ పూల కుండీనో పెడతాం. మా ఇంట్లో జరిగింది అదే. దాన్ని అర అంచుకి లాగి, ముఖం నాన్న చెవుల వైపు కొద్దిగా పైకి ఎత్తి పెట్టా. రబ్బరు ముక్క ఒకటి కింద పెడితే సరిపోయింది.

తర్వాత స్పీకర్ లెవెల్స్‌లోకి వెళ్లి సెంటర్‌ని 3 డెసిబెల్ పెంచా, వూఫర్‌ని తగ్గించా. గట్టి బేస్ మాటల్ని కప్పేస్తుంది. ముఖ్యంగా పెద్దవాళ్లకి. వయసుతో పాటు ముందు తగ్గేది పై ఫ్రీక్వెన్సీలు వినే శక్తి. అచ్చులు బలంగానే వినపడతాయి, 'స', 'ష', 'చ' లాంటి సన్నటి శబ్దాలు జారిపోతాయి. అంటే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలీదు. అందుకే వాళ్లు వాల్యూమ్ పెంచుతారు. దాంతో బేస్ కూడా పెరిగి మాట ఇంకా మునిగిపోతుంది. మొండితనం అనుకుని మనం విసుక్కుంటాం.

పాత సినిమాల సంగతి వేరే. 1957 నాటి 'మాయాబజార్' సౌండ్ మోనో, ఒకే చానల్. అలాంటివి చూసేటప్పుడు బాక్సులో 'ప్రోలాజిక్' లేదా 'డాల్బీ సరౌండ్' మోడ్ ఉంటే పెట్టండి. రెండు వైపులా సమానంగా ఉన్న శబ్దాన్ని అది సెంటర్‌కి పంపిస్తుంది. వెనక స్పీకర్లు మూగబోతే పాడయ్యాయని కంగారు పడకండి.

వూఫర్‌తో గొడవ, పక్కింటితో గొడవ

వూఫర్‌ని మూలన పెడితే ధన్‌ధన్‌మని మోగుతుంది. దాని సరైన చోటు కనిపెట్టడానికి ఒక తమాషా పద్ధతుంది. వూఫర్‌ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేయండి. మీరు గోడల వెంట వంగి తిరగండి. ఎక్కడ బేస్ శుభ్రంగా, సమంగా వినిపిస్తే అక్కడ వూఫర్ పెట్టండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఇళ్లుండే ప్రాంతాల్లో శబ్దం 45 డెసిబెల్ దాటకూడదని మన దేశంలో 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. బేస్ గోడల్లోంచి, శ్లాబులోంచి కూడా వెళ్తుంది. వూఫర్ కింద మందంగా రబ్బరు మ్యాట్ వేయండి. 'నైట్ మోడ్' ఉంటే వాడండి. అది బాంబుల మోత తగ్గించి, గుసగుసల్ని పైకి తెస్తుంది.

కొనేముందు రెండు మాటలు

డబ్బా మీద వేల వాట్లు 'పీఎంపీఓ' అని కనిపిస్తే కళ్లు మూసుకోండి. చూడాల్సింది 'ఆర్‌ఎంఎస్' అంకె. అది కూడా మరీ పెద్దది అక్కర్లేదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే దాదాపు పదింతల పవర్ కావాలి.

'వైర్‌లెస్' వెనక స్పీకర్లని చూసి మురిసిపోకండి. చాలావాటికి సౌండ్ వైరు ఉండదు కానీ కరెంటు వైరు ఉంటుంది. సోఫా దగ్గర ప్లగ్ పాయింట్ ఉందో లేదో చూసుకుని కొనండి. హాలు మరీ చిన్నదైతే, వైర్లు లాగే ఓపిక లేకపోతే, సెంటర్ చానల్ విడిగా ఉన్న సౌండ్‌బార్ చాలు. ఆ బార్‌లోంచి మాట శుభ్రంగా వస్తోందా అని షాపులోనే వినండి. ఫైట్ సీన్ వద్దు, ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీన్ పెట్టమనండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లండి. నేను చేయని పని అదే.

ఇక నాన్న సంగతి. ఆ ఆదివారం సాయంత్రం బాల్కనీలోంచి లాక్కొచ్చి కూర్చోబెట్టా. "మళ్లీనా?" అన్నారు. పాత కామెడీ సినిమా పెట్టి వాల్యూమ్ 22 దగ్గర ఆపా. పది నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక డైలాగ్‌కి మా అందరికంటే ముందు ఆయనే నవ్వారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

ఆ మర్నాడు, చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే మొదటిసారి కాదనలేదు. ఆడియోమెట్రీ చేశారు. గ్రాఫ్‌లో గీత పై ఫ్రీక్వెన్సీల దగ్గర జారుడుబండలా దిగిపోయింది. మెషిన్ పెట్టుకుంటే మంచిదన్నారు డాక్టర్. దాని మీద ఇంట్లో ఇంకా బేరం నడుస్తోంది. స్పీకర్లు సర్దుకోవడం చెవి పరీక్షకి బదులు కాదు. మీ ఇంట్లో కూడా ఎవరైనా "ఏమన్నాడ్రా?" అని పదే పదే అడుగుతుంటే రెండూ చేయించండి. ముందు నవ్వడం ఆపండి.