లింకు పంపితే క్లాసు చెప్పినట్టేనా?

2021 డిసెంబర్ 16న తెలంగాణ ఇంటర్ మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి. నాలుగున్నర లక్షల మందికి పైగా రాస్తే పాసైనవాళ్లు 49 శాతం. కరోనా వల్ల ఆ పిల్లలకు అంతకుముందు ఏడాది క్లాసంటే దూరదర్శన్ యాదగిరి, టీశాట్, లేదంటే వాట్సాప్‌లో వచ్చిన లింకు. కాలేజీ గడప తొక్కింది 2021 ఫిబ్రవరి 1 నుంచి మార్చి 23 దాకా, అంటే రెండు నెలలు కూడా నిండలేదు. ముందు పరీక్షలు లేకుండానే పై తరగతికి పంపారు. రెండో ఏడాది సగంలో ఉండగా, అక్టోబర్ చివర, పాత పరీక్షలు పెట్టారు. ఫలితాలొచ్చాక కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఇంటర్ బోర్డు ముందు ధర్నాలు జరిగాయి. డిసెంబర్ 24న అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి, తప్పినవాళ్లందరికీ 35 మార్కులు వేసి పాస్ చేస్తున్నామని ప్రకటించారు. గొడవ సద్దుమణిగింది.

ఆ బ్యాచే 2022లో దోస్త్ ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా డిగ్రీలో చేరింది. డిఫరెన్షియేషన్ సరిగ్గా పట్టుబడకుండానే బీఎస్సీ రెండో సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌కు కూర్చుంది. ఇప్పుడు ఆ పిల్లలు డిగ్రీ దాటిపోయారు, కరోనా సంగతి ఇళ్లలో ఎవరూ ఎత్తడం లేదు. కానీ ఆ రోజుల్లో అత్యవసరంగా అలవాటైన పద్ధతి మాత్రం పోలేదు. హైబ్రిడ్, బ్లెండెడ్ అనే పేర్లతో అది విధాన పత్రాల్లోకి చేరింది. పెద్ద నగరాల యూనివర్సిటీల్లో దాని లాభనష్టాల మీద సెమినార్లు జరుగుతాయి. మెదక్ లాంటి ఊళ్లో దాని బతుకు ఎలా ఉంటుందో చూస్తే లెక్క వేరేగా తేలుతుంది.

మెదక్ 2016 అక్టోబర్‌లో జిల్లా కేంద్రమైంది. 2022 సెప్టెంబర్‌లో రైలు కూడా వచ్చింది. అయినా ఇక్కడి డిగ్రీ కాలేజీలకు విద్యార్థులను తెచ్చేది ప్రధానంగా ఆర్టీసీ బస్సూ, షేర్ ఆటోనే. పాపన్నపేట, హవేలీ ఘన్‌పూర్, కుల్చారం, చిన్న శంకరంపేట మండలాల పల్లెల నుంచి పొద్దున బయల్దేరి వస్తారు. వాళ్లలో చాలామంది ఇంటికి డిగ్రీ గడప తొక్కిన మొదటి మనుషులు. లాక్‌డౌన్ రాగానే ఈ రాకపోకలన్నీ ఒక్క ఫోన్‌లోకి కుదించుకుపోయాయి. ఆ ఫోన్ కూడా చాలా ఇళ్లలో ఒక్కటే. నాన్న దాన్ని పొలానికి పట్టుకుపోతే క్లాసు లేనట్టే. ఉన్న రోజున సిగ్నల్ కోసం దాబా మీదికెక్కాలి. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా ప్యాక్, అందులోనే తమ్ముడి క్లాసులూ. మూడో గంటకు తెర మీద చక్రం తిరగడం మొదలవుతుంది. 'సార్, వినపడ్తలేదు' అని ఒకరు, 'మ్యూట్ చేసుకోండమ్మా' అని సారు, నలభై నిమిషాల క్లాసులో పది నిమిషాలు దానికే సరి.

ఈ ఇబ్బంది ఊహించనిదేమీ కాదు. కేంద్ర ప్రభుత్వమే 2017-18లో చేయించిన జాతీయ శాంపుల్ సర్వేలో దేశంలోని పల్లె ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సదుపాయం ఉన్నవి 14.9 శాతమని తేలింది. కరోనాకు ముందే ఆ లెక్క అధికారుల బల్లల మీద ఉంది.

అయితే ఇక్కడ ఒక పొరపాటు చేస్తుంటారు. సమస్యంతా ఫోన్లదీ, సిగ్నల్‌దీ అనుకుంటారు. ట్యాబులు పంచి, టవర్లు వేస్తే ఆన్‌లైన్ చదువు గాడిన పడుతుందని ప్రతి ప్రభుత్వమూ నమ్ముతుంది, ఎందుకంటే ట్యాబుల పంపిణీకి ఫొటో బాగా వస్తుంది. దీనికి గట్టి జవాబు అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్‌లో దొరికింది. 2020లో అక్కడ ఎకనామిక్స్ విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు వాటాలు చేసి, ఒక వాటాకు గదిలో, ఇంకో వాటాకు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పారు. రెండు చోట్లా చెప్పింది ఆ పంతుళ్లే. కంప్యూటర్, ఇంటర్నెట్ అందరికీ ఒకే తీరున ఉన్నాయి. సైనిక క్రమశిక్షణ సరేసరి. అయినా ఆన్‌లైన్ వాటా వాళ్లకు మార్కులు స్పష్టంగా తగ్గాయి. చదువులో ముందునుంచీ వెనకబడి ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ దెబ్బ తగిలింది. అన్నీ అమర్చిన చోటే అలా ఉంటే, అత్తెసరు మార్కులతో ఇంటర్ గట్టెక్కి, తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియం డిగ్రీలోకి వచ్చిన కుల్చారం కుర్రాడి సంగతి వేరే చెప్పాలా?

క్లాసులో లెక్చరర్ బోర్డు వైపు తిరిగి రాస్తూనే ఎవరికి అర్థం కాలేదో పసిగడతారు. నొసలు ముడిపడటం, పక్కవాడి నోట్సులోకి తొంగిచూడటం, వెనక బెంచీ గుసగుస, ఇవన్నీ ఆయనకు సమాచారమే. ఆన్‌లైన్‌లో ఆయన ఎదుట ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు రాసిన రంగురంగుల గుండ్రాలు. ఖాళీ గదిలో ఫోన్‌ను చాక్‌పీసుల డబ్బాకు ఆనించి, ఆ గుండ్రాలకు పాఠం చెప్పిన లెక్చరర్లు ఇప్పటికీ ఆ రోజులు తలచుకుని తల అడ్డంగా ఊపుతారు. చాట్‌లో 'ప్రెజెంట్ సార్' అని కొట్టి, ఫోన్ జేబులో పెట్టుకుని వరికి మందు చల్లడానికి పోయినవాళ్లు ఎందరో వాళ్లకూ తెలుసు. అటెండెన్స్ రిజిస్టర్‌లో మాత్రం అంతా హాజరే.

మరి కెమెరా ఎందుకు పెట్టరు? కార్నెల్ యూనివర్సిటీలో ఇద్దరు అధ్యాపకులు 2020లో తమ విద్యార్థులనే ఈ ప్రశ్న అడిగారు. తాము ఎలా కనిపిస్తామో అన్న బెరుకే ఎక్కువమంది చెప్పిన కారణం. వెనక ఇంట్లోవాళ్లు కనబడతారనీ, నెట్ సరిగా ఉండదనీ ఇంకొందరు చెప్పారు. అమెరికా పిల్లలకే అలా ఉంటే, రేకుల ఇంట్లో ఒకే గది, అందులో అమ్మ బీడీలు చుడుతూ, తాత దగ్గుతూ ఉండే ఇంటి అమ్మాయి కెమెరా పెడుతుందా? కాలేజీకి వస్తే ఆ అమ్మాయి అందరిలో ఒకతె. తెర మీద ఆమె ఇల్లు కూడా క్లాసుకు హాజరవుతుంది. సిగ్గు లేకుండా చదువుకోగలిగే చోటు ఒకటి ఊరి పిల్లలకు కాలేజీయే ఇస్తుంది, ఈ సంగతి విధాన పత్రాల్లో ఎక్కడా రాయరు.

అలసట సంగతి మరొకటి. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో మీటింగుల అలసటకు నాలుగు కారణాలు చూపారు. ఎదుటి ముఖాలు మరీ దగ్గరగా కనబడటం, తన ముఖం తనకే ఎప్పుడూ కనబడుతుండటం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, సైగలు అందక మెదడు అదనంగా శ్రమపడటం. అవి ల్యాప్‌టాప్ తెర ముందు కూర్చునేవాళ్లను ఉద్దేశించి చెప్పినవి. ఆరంగుళాల ఫోన్‌ను చేత్తో పట్టుకుని, మెడ వంచి, పీడీఎఫ్‌ను వేళ్లతో పెద్దది చేసుకుంటూ చదివేవాళ్ల మెడ నొప్పి, కంటి మంట ఆ నాలుగింటిపైన అదనం.

మనసు మాట దగ్గర కొంచెం ఆగాలి. మెదక్ చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్లకు కాలేజీ అనేది చదువుకు మాత్రమే చోటు కాదు. అది రోజూ ఇల్లు దాటడానికి అందరూ ఒప్పుకునే ఏకైక కారణం. బస్టాండ్‌లో స్నేహితురాళ్ల కోసం ఆగడం, ఇంటి దగ్గర చెప్పుకోలేనిది ఒకటి చెప్పుకోవడం, తన పేరు పెట్టి పిలిచే మేడం ఒకరుండటం, ఇదంతా అందులో భాగమే. కాలేజీ మూతపడగానే 'ఇంట్లో ఖాళీగానే ఉందిగా' అన్న మాటతో పెళ్లి సంబంధాలు మొదలైన ఇళ్లున్నాయి. 2020 నవంబర్‌లో, ఢిల్లీలో పేరున్న కాలేజీలో చదువుతూ లాక్‌డౌన్ వల్ల ఇంటికి తిరిగొచ్చిన తెలంగాణ అమ్మాయి ఒకరు తనువు చాలించారు. ల్యాప్‌టాప్ లేక, రావలసిన స్కాలర్‌షిప్ రాక ఆమె పడిన అవస్థ అప్పట్లో దేశమంతా చర్చకొచ్చింది. ఒక ప్రాణం పోవడానికి ఒకే కారణం చెప్పడం సరికాదు. కానీ అలాంటి అవస్థలో ఉన్న విద్యార్థి కాలేజీకి వస్తుంటే ఎవరో ఒకరి కంట పడే అవకాశముంటుంది. గుండ్రంలోని అక్షరం ఎవరి కంటా పడదు. 2022 అక్టోబర్‌లో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబర్‌లో రాత్రీ పగలూ ఫోన్ చేయొచ్చు. ఆ నంబర్ కాలేజీ నోటీస్ బోర్డు మీద, వాట్సాప్ గ్రూప్‌లో ఉండాలి.

ఇదంతా చెప్పి ఆన్‌లైన్‌ను తిట్టిపోయడం సులువే, న్యాయం మాత్రం కాదు. దూరంగా ఉండి డిగ్రీ చేయించడం మన తెలుగువాళ్లకు కొత్తా కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది ఇక్కడే, 1982లో. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరున ఉన్నది అదే. దాన్ని నిలబెట్టిన మొదటి వైస్ ఛాన్సలర్ ఆచార్య జి. రామ్‌రెడ్డి తర్వాత 1985లో ఇగ్నోకు తొలి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లారు. ఈ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటర్ చదవనివాళ్లను కూడా అర్హత పరీక్షతో చేర్చుకున్నారు. కండక్టర్లు, కానిస్టేబుళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, పిల్లల తల్లులు దాని పుణ్యమా అని పట్టభద్రులయ్యారు. తెలుగులో వేసిన దాని పుస్తకాలను గ్రూప్స్‌కు చదివేవాళ్లు నేటికీ వదలరు. రేడియో పాఠాలు, పుస్తకాలు ఎన్ని ఉన్నా, ఊరి డిగ్రీ కాలేజీలో స్టడీ సెంటర్ పెట్టి, సెలవు రోజున క్లాసు నడిపి, మనిషి ఎదుట మనిషిని కూర్చోబెట్టారు. ఇంటర్నెట్ ఊసు లేని కాలంలో వాళ్లకు తట్టిన ఈ ఇంగితం, ఇప్పుడు యాప్‌లు అమ్మేవాళ్లకు ఎందుకు తట్టదో!

నిజానికి మెదక్‌లో హైబ్రిడ్ ఇప్పటికే నడుస్తోంది, ఎవరూ జీవో ఇవ్వకుండానే. పేరు ఇక్కడి కాలేజీలో, మనిషి తూప్రాన్, మనోహరాబాద్ వైపు కంపెనీ షిఫ్టులోనో, హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్‌లోనో ఉంటాడు. సెమిస్టర్ పరీక్షలకు వారం ముందు యూట్యూబ్‌లో 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' చూసి గట్టెక్కుతాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం కాలేజీలు బంద్‌లు చేసే రోజుల్లో హాజరు గురించి గట్టిగా అడిగే ధైర్యం యాజమాన్యాలకూ తగ్గింది. ఈ కుర్రాళ్లను సోమరులనడం తప్పు. ఇంటికి డబ్బు పంపుతున్నారు. వాళ్లకు కావలసింది వారానికి కొన్ని రోజులు కాలేజీ, మిగతా పాఠం రికార్డింగ్‌లో. అది దొంగచాటుగా కాకుండా దర్జాగా దొరకాలి.

అటువైపు అమ్మాయిల సంగతి చూడండి. 2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆధార్ కార్డు చూపించి, జీరో టికెట్ తీసుకుని బస్సెక్కుతున్నారు. ఆ పథకం మీద ఆర్టీసీ ఖజానా లెక్కలు ఎన్నైనా చెప్పొచ్చు. పల్లె ఆడపిల్లను క్లాసురూమ్‌లో కూర్చోబెట్టే విషయంలో మాత్రం ఏ లెర్నింగ్ యాప్‌ కన్నా దానివల్లే ఎక్కువ ఒరుగుతుంది.

ఇప్పుడు యూజీసీ దగ్గరికి వద్దాం. 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్ నుంచి చదివి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. అదే ఏడాది మే నెలలో వచ్చిన బ్లెండెడ్ లెర్నింగ్ పత్రం కూడా 40 శాతం ఆన్‌లైన్ అన్నది. మెదక్‌లో లేని కోర్సు ఒకటి ఐఐటీ ఆచార్యుడి నోట వినగలగడం మంచిదే. భయమల్లా ఒక్కటే. గెస్ట్ లెక్చరర్లతో నెట్టుకొస్తున్న సర్కారు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ పోస్టు ఖాళీ అయితే, 'వీడియో ఉందిగా' అని ఆ ఖాళీని అలాగే వదిలేయడానికి ఈ 40 శాతం సాకు కాకూడదు. టైట్రేషన్‌లో బ్యూరెట్ మర తిప్పుతూ, ఒక్క చుక్కకు గులాబీ రంగు తిరిగే క్షణాన చెయ్యి ఆపడం ఏ వీడియో చూసినా రాదు. నాలుగుసార్లు రంగు ముదిరిపోయి, పక్కన నిలబడ్డ మేడం 'మళ్లీ చెయ్' అంటేనే వస్తుంది.

వీడియో ఒక్కటే చాలదని ఆ పాఠాల్లో అనుభవజ్ఞులు ఎప్పుడో గ్రహించారు. హార్వర్డ్, ఎంఐటీల ఎడెక్స్ కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది సుమారు 3 శాతమేనని 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. మన ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ కాలేజీల్లో లోకల్ చాప్టర్లు పెట్టి, అక్కడి అధ్యాపకులనే మెంటార్లుగా తీసుకుంది. సర్టిఫికెట్ కావాలంటే పరీక్షా కేంద్రానికి వచ్చి రాయాల్సిందే.

మెదక్‌కు సరిపోయే హైబ్రిడ్‌కు పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ల్యాబులు, సందేహాలు, పరీక్షలు వారంలో మూడు రోజులకు కుదించి, ఆ మూడు రోజులూ హాజరు కచ్చితం చేయాలి. మిగతా రోజుల పాఠాలు రికార్డ్ చేసి, తక్కువ డేటాతో వినే ఆడియోగా కూడా ఇవ్వాలి. ఫోన్ లేనివాళ్ల కోసం కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌ను సాయంత్రం దాకా తెరిచి ఉంచాలి. దీనికోసం ప్రిన్సిపాల్, మెదక్ డిపో మేనేజర్ ఒక పూట ఎదురెదురుగా కూర్చుంటే చాలు. ఆ మూడు రోజులకూ పాపన్నపేట, కుల్చారం వైపు పొద్దున వచ్చే బస్సు ఎన్నింటికి, ల్యాబ్ ముగిశాక తిరిగి వెళ్లే బస్సు ఎన్నింటికి అనేది టైమ్‌టేబుల్ వేసే ముందే తేల్చుకోవచ్చు.