కట్టు కట్టిన తల

ఫుట్‌బాల్ కాలితో ఆడే ఆట అని పేరులోనే ఉంది. కాని ఆ ఆట తెలిసినవారు దానిలో సగం తలతో ఆడేదేనంటారు. గాలిలో ఎత్తుగా వచ్చే బంతిని నుదుటితో కొట్టి గోలులోకి పంపిన క్రీడాకారుణ్ణి చూసి ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు చరుస్తారు. ఆ చప్పట్లు ఆగిపోయిన ముప్పయి, నలభై సంవత్సరాల తరువాత ఆ తలలో ఏమి జరుగుతుందన్న విచారణ మాత్రం ఇటీవలి కాలంలోనే మొదలయింది.

మన తెలుగునాట ఫుట్‌బాల్ ప్రస్తావన వస్తే ముందుగా తలచుకోవలసినవారు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకుంది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాన్ని సాధించింది. జకార్తాలో థాయిలాండ్‌తో జరిగిన పోటీలో మన రక్షణ వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు బలమైన గాయమైంది. కుట్లు వేశారు. రహీం ఆయనను ఇంటికి పంపలేదు. కట్టు కట్టిన తలతోనే ముందు వరుసలో నిలబెట్టారు. సెమీఫైనల్‌లో జర్నైల్ ఒక గోలు చేశారు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్‌లో పి.కె. బెనర్జీ మొదటి గోలు, జర్నైల్ రెండవ గోలు చేయగా భారత్ 2-1తో గెలిచింది. అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మరుసటి సంవత్సరం జూన్‌లో ఆయన కన్నుమూశారు.

ఈ కథను నేను తరగతి గదిలో ఎన్నోసార్లు చెప్పాను. విద్యార్థుల కళ్లు మెరుస్తాయి. చెప్పే నా గొంతు కూడా ఒకప్పుడు ఉప్పొంగేది. ఇప్పుడు ఆ కట్టు దగ్గరకు వచ్చేసరికి కొంచెం తడబడుతుంది. అందుకు కారణం జకార్తాలో లేదు, ముదిగొండలో ఉంది.

ఖమ్మం మొదలు భద్రాచలం అడవుల అంచు వరకు సంక్రాంతి వచ్చిందంటే ఊరూరా కబడ్డీ పోటీలే. నేను ఉద్యోగరీత్యా ముదిగొండ ప్రాంతంలో ఉన్న రోజులలో నా విద్యార్థి ఒకడు మంచి ఆటగాడిగా పేరు తెచ్చుకున్నాడు. ఒక పోటీలో కూతకు వెళ్లి గీత అందుకోబోతుండగా ముగ్గురు పట్టుకున్నారు. ఆ పెనుగులాటలో ఎవరిదో మోకాలు అతని చెవి వెనుక బలంగా తగిలింది. కొన్ని క్షణాలు కదలలేదు. ముఖాన నీళ్లు చల్లారు. "ఏం కాలేదు, లే" అన్నారు. లేచాడు, మళ్లీ కూతకు వెళ్లాడు. ఆ జట్టే గెలిచింది. అతనిని భుజాలపై ఎత్తుకుని ఊరేగించారు. చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను.

సెలవుల అనంతరం తరగతిలో అతనిని పోతన పద్యం ఒకటి చదవమన్నాను. అది అతనికి కంఠస్థమైన పద్యం. రెండవ పాదం దగ్గర ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగాడు. "పండుగ మత్తు ఇంకా దిగలేదా?" అని అందరి ముందు ఎద్దేవా చేశాను. నాలుగు రోజుల తరువాత అతని తల్లి కళాశాలకు వచ్చింది. "సారూ, మా పిల్లగాడు మునుపటి లెక్క లేడు" అన్నది. రాత్రిళ్లు నిద్ర లేదట. వెలుతురు చూడలేకపోతున్నాడట. చిన్న మాటకే కంచం విసిరికొడుతున్నాడట. ఖమ్మంలో వైద్యుడు పరీక్షించి, దెబ్బకు మెదడు అదిరిందనీ, పూర్తి విశ్రాంతి అవసరమనీ చెప్పాడు. కొన్ని వారాలకు అతడు కోలుకున్నాడు. సాహిత్యంలో డాక్టరేటు పుచ్చుకున్న నాకు పద్యపాదం తప్పిందన్న సంగతి వెంటనే తెలిసింది. ఎందుకు తప్పిందో తెలియలేదు.

మెదడు పుర్రెలో బిగించి పెట్టిన వస్తువు కాదు. పలుచని ద్రవంలో తేలుతూ ఉంటుంది. తలకు దెబ్బ తగిలినపుడు పుర్రె ఆగినా లోపలి మెదడు ఆగదు. అటూ ఇటూ ఊగి, మెలితిరిగి, అతి సన్నని నాడీతంతువులు సాగుతాయి. దీనినే వైద్యులు కంకషన్ అంటారు. పైకి రక్తం కనబడదు. స్పృహ తప్పవలసిన అవసరం కూడా లేదు. ఒక దెబ్బ నుండి కోలుకోకముందే రెండవ దెబ్బ తగిలితే అది చిన్న వయసువారికి మరింత ప్రమాదకరం. ఇటువంటి దెబ్బలు, వాటికంటె చిన్నవి కూడా, సంవత్సరాల తరబడి తగులుతూ ఉంటే కొందరి మెదడులో టౌ అనే ప్రోటీన్ ముద్దలుగా పేరుకొని కణాలను నశింపజేస్తుంది. మతిమరుపు, అకారణ కోపం, దిగులు, వివేకం సన్నగిల్లడం దాని లక్షణాలు. ఆ వ్యాధికి క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి అని పేరు. మరణానంతరం మెదడును పరీక్షించి మాత్రమే దానిని నిశ్చయంగా చెప్పగలరు. మన ప్రాచీనులు తలను ఉత్తమాంగమన్నారు. చరక సంహిత తల, గుండె, మూత్రాశయం అనే మూడింటిని ప్రధాన మర్మస్థానాలుగా పేర్కొన్నది. ఆ మాటలను మనం పరీక్షల కోసం చదివాము, మైదానానికి తీసుకుపోలేదు.

బాక్సింగ్ యోధులలో ఈ లక్షణాలను అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్ 1928లోనే వర్ణించాడు. శిరస్త్రాణం ధరించి ఒకరినొకరు ఢీకొనే అమెరికా తరహా ఫుట్‌బాల్‌లో ఈ విషయం బయటపడడానికి ఇంకా చాలా కాలం పట్టింది. పిట్స్‌బర్గ్ జట్టుకు నాలుగు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిపెట్టిన మైక్ వెబ్‌స్టర్ చివరి రోజులలో నిలువ నీడ లేక తన వాహనంలోనే నిద్రించేవాడు. 2002లో యాభై ఏళ్లకే మరణించాడు. నైజీరియాలో పుట్టిన వైద్యుడు బెనెట్ ఒమాలు ఆ మెదడును పరీక్షించి 2005లో తన పరిశోధనను ప్రకటించాడు. క్రీడాసంస్థ నియమించిన వైద్యులు ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకోవాలని పట్టుబట్టారు. సత్యం చెప్పినవానినే ముందు నిలదీయడం అన్ని దేశాలలోనూ ఉన్నదే.

మనం ఆడే ఫుట్‌బాల్‌కు ఈ మాట వర్తించదని కొంతకాలం వాదించారు. ఇంగ్లండు ఆటగాడు జెఫ్ ఆస్టిల్ తలతో బంతి కొట్టడంలో దిట్ట. ఆయన 2002లో 59వ ఏట చనిపోయినపుడు అది వృత్తి వల్ల కలిగిన వ్యాధి అని మరణ విచారణాధికారి తేల్చారు. 2019లో గ్లాస్గోకు చెందిన విల్లీ స్టీవార్ట్ బృందం 7,676 మంది మాజీ స్కాట్లండు క్రీడాకారుల వివరాలను సుమారు 23,000 మంది సామాన్యుల వివరాలతో పోల్చి చూసింది. మెదడు క్షీణించే వ్యాధులతో మరణించడం క్రీడాకారులలో సుమారు మూడున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. అదే బృందం తరువాత ప్రకటించిన ఫలితాలలో రక్షణ వరుసలో ఆడినవారికి ముప్పు అధికమని, గోల్‌కీపర్లకు సామాన్యులతో సమానమని తేలింది. బంతిని తలతో కొట్టవలసిన అవసరం ఎవరికి ఎక్కువో ఆలోచిస్తే దీని అర్థం తెలుస్తుంది.

అయితే ఆటలు మానుకోవలసిందేనా అంటే కాదు. అదే అధ్యయనంలో ఆ క్రీడాకారులకు గుండెజబ్బు మరణాలు, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు తక్కువగా ఉన్నాయి. మానసిక రుగ్మతలతో ఆసుపత్రిలో చేరడం కూడా వారిలో తక్కువేనని 2020లో వెల్లడైంది. కాబట్టి ఆటగాళ్లందరూ దిగులుతో కుంగిపోతారనడం అతిశయోక్తి. కాని ఆసుపత్రి గడప తొక్కని దిగులు కూడా లోకంలో ఉంటుంది. ఆటకు దూరమైన తరువాత వచ్చే శూన్యం అటువంటిది. సికింద్రాబాదు అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరామ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై గోలు చేసిన మహా ఆటగాడు. జకార్తా విజేతలలో ఒకడు. అనారోగ్యం వల్ల ముప్పయి ఏళ్లు నిండకుండానే ఆట విడిచిపెట్టాడు. ఆ తరువాత 2023లో కన్నుమూసేవరకు, ఆటగాడిగా గడిపిన కాలానికి ఎన్నో రెట్లు, మాజీ ఆటగాడిగానే జీవించాడు. ఆ దీర్ఘకాలాన్ని గూర్చి మన పుస్తకాలలో ఒక్క పేరా ఉండదు. విరాటపర్వంలో మల్లుణ్ణి పడగొట్టిన వలలుణ్ణి వర్ణించడమే కాని, పడిన మల్లుని ఇంటి సంగతి మన కవులకు పట్టలేదు గదా!

జకార్తా జట్టులోని హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ అర్జున పురస్కారం పొందినవారు. చివరి సంవత్సరాలలో పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడి 2006లో మరణించారు. 2020లో మరణించిన పి.కె. బెనర్జీ కూడా పార్కిన్సన్స్‌తో, మతిమరుపు వ్యాధితో బాధపడ్డారు. బంతి వల్లనే వారికి ఆ వ్యాధులు వచ్చాయని నేననడం లేదు. ఎన్నడూ బంతి తాకనివారికీ అవి వస్తాయి. ఇద్దరి ఉదాహరణతో శాస్త్రం నిలవదు. స్కాట్లండువారు ఏడువేల మందిని లెక్కించారు. 1966 ప్రపంచకప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులో అయిదుగురికి మతిమరుపు వ్యాధి రావడాన్ని ఆ దేశం చర్చించింది. మన స్వర్ణ పతక వీరుల విషయంలో అటువంటి ప్రశ్న వేయడం కూడా మనకు తోచకపోవడమే నన్ను బాధిస్తున్నది.

నియమాలు మారుతున్నాయి. పదేళ్లలోపు పిల్లలు బంతిని తలతో కొట్టరాదని అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లో నిర్ణయించింది. తలకు దెబ్బ తగిలిన ఆటగాని స్థానంలో అదనంగా మరొకరిని దింపే వెసులుబాటును అంతర్జాతీయ నియమావళి 2024లో శాశ్వతంగా చేర్చింది. మన పల్లె మైదానానికి ఇంత నియమావళి అవసరం లేదు. తలకు దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మినా, వాంతి అయినా, ప్రశ్నకు తడబడి సమాధానం చెప్పినా ఆ ఆటగాణ్ణి ఆ రోజుకు కూర్చోబెట్టి వైద్యునికి చూపించాలి. వైద్యుడు సరేననే వరకు ఆటకు పంపకూడదు. "నేను బాగానే ఉన్నాను" అన్న అతని మాటను నమ్మకూడదు. అతణ్ణి ఒంటరిగా ఇంటికి పంపకూడదు.

మొన్న సంక్రాంతికి ముదిగొండ వైపు వెళ్లినపుడు పోటీలు నిర్వహించే యువకులతో ఈ మాటే చెప్పాను. వారు శ్రద్ధగా విన్నారు. తల ఊపారు. చివరకు ఒకడు సంకోచిస్తూ అడిగాడు.

"ఫైనల్‌లో కూడానా సార్?"

"ఫైనల్ అయితే మరీను" అన్నాను.