సన్న చక్రాన్ని చూసి నవ్వినోళ్లకు

ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు ఎడ్లబండి మీద పత్తి తోలిన రైతును అడగండి, బరువు ఎక్కడ పెట్టాలో చెప్తాడు. ముందుకు వేస్తే కాడి ఎద్దుల మెడ నొక్కుతుంది. ఇరుసు మీద పడేట్టు సర్దితే బండి తేలిగ్గా మలుపు తిరుగుతుంది. డెల్టావింగ్ అనే రేసుకారుకు దాని డిజైనర్ బెన్ బౌల్బీ వేసిన లెక్క కూడా దాదాపు ఇదే. ఆ కారును చూసి పెద్దపెద్దోళ్లు నవ్వారు. ఆ నవ్వు మీదే నా కోపం.

దాని ముందు చక్రాల మధ్య ఎడం రెండడుగులే. టైరు వెడల్పు నాలుగంగుళాలు. వెనక మాత్రం మామూలు రేసుకారంత వెడల్పు. నాగలి కర్రు లాంటి ఆకారం. ఇది మలుపెట్లా తిరుగుతుందన్నారు. నూటికి 70 పాళ్లకు పైగా బరువు వెనక ఇరుసే మోస్తుంటే ఇక ముందు టైర్ల మీద పడే భారమెంత? కారు మొత్తం 475 కిలోలు. 1.6 లీటర్ల టర్బో ఇంజన్, 300 హార్స్‌పవర్. పెద్ద ప్రోటోటైపుల్లో సగం బరువు, సగం శక్తి, సగం పెట్రోలుతో వాటి దరిదాపుల్లో పరుగెత్తాలన్నది పంతం.

2010లో అమెరికా రేసు సిరీస్ ఇండీకార్ వాళ్లు దీన్ని కాదని డల్లారా కంపెనీ కారును ఎంచుకున్నారు. 2012లో లె మాన్ 24 గంటల రేసుకు పిలుపైతే వచ్చింది, కానీ 56వ గ్యారేజీలో, పోటీ లెక్కకు బయట. పంక్తిలో కూర్చోనివ్వకుండా అరుగు మీద ఆకు వేసినట్టు! అయినా 29వ స్థానంలో అర్హత సాధించింది. ఆరో గంటలో, 75 ల్యాప్‌లయ్యాక, ఒక టయోటా తగిలి గోడకు కొట్టుకుంది. పిట్ బయట డ్రైవర్ తప్ప ఎవరూ కారు మీద చెయ్యి వేయొద్దని నియమం. డ్రైవర్ సతోషి మొతొయామా హెల్మెట్ తీయకుండానే గంటన్నర దాకా రిపేరు చేస్తూ పోరాడాడు. కంచె అవతల మెకానిక్‌లు అరిచి చెప్తున్నారు, ఇతను ఒంటరిగా బోల్టులు విప్పుతున్నాడు. కారు కదల్లేదు.

కారు ఓడిందని రాసేశారు. ఎట్లా ఓడింది? అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో పెటీ లె మాన్ రేసులో అదే కారు దాదాపు పది గంటలు పరుగెత్తి అయిదో స్థానంలో గీత దాటింది. తర్వాత మూసిన పైకప్పుతో కూపేగా మారి, 2016 డేటోనా 24 గంటల రేసులో అందరికంటే ముందు నడిచింది. అప్పుడు స్టీరింగ్ పట్టింది కేథరిన్ లెగ్. చీకట్లో ట్రాక్ మీద ఆగిపోయిన కారుకు గుద్దుకుని ఆ రేసూ పోయింది. 2017లో అక్కడి రేసులకు కొత్త నిబంధనలొచ్చాయి, వాటిలో దీనికి చోటు లేదు. నడవలేక ఆగిన బండి కాదిది. నడవనియ్యక ఆపిన బండి.

కరీంనగర్‌లో కూర్చుని నాకెందుకీ గోల? మా అక్క కొడుకు ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతుండగా ముగ్గురు దోస్తులతో కలిసి పాత మోపెడ్ ఇంజన్‌తో సన్న మూతి బండి చేశాడు. నాలుగు నెలలు వెల్డింగ్ షాపులోనే పడుకున్నారు. వైవాకు వచ్చిన పెద్దమనిషి కిటికీలోంచి చూసి "గిదేం బండి?" అని నవ్వాడట. మెట్లు దిగి రాలేదు. కొనుక్కొచ్చిన ప్రాజెక్టుకు, రిపోర్టు అట్టలు బాగున్నందుకు, వీళ్లకంటే ఎక్కువ మార్కులు పడ్డాయి. ఆ పిల్లలు ఆ చాసిస్‌ను పాత ఇనుము కింద అమ్ముకున్నారు. మావాడు ఇప్పటికీ ఆ షాపు ముందు నుంచి పోడు.

సార్లూ, మిమ్మల్నే అంటున్నా. వచ్చే వైవాకు మెట్లు దిగండి. ఆకారం తర్వాత చూడొచ్చు. ముందు ఒక లీటరు పెట్రోలు పోయించి, కాలేజీ గ్రౌండులో ఎన్ని చుట్లు తిరుగుతుందో నిలబడి లెక్కపెట్టండి.